మా అంగడి తలుపుమీది కాగితము



నా బల్ల సొరుగులో ఒక పాత కాగితమును దాచియుంచితిని. దాని నాలుగు మూలలను జిగురుపట్టీ అతికించి, ఊడదీసి, మరల అతికించిన గుర్తులున్నవి. "దయచేసి మాస్కు ధరించి లోపలికి రండి" అని తెలుగునను, ఇంగ్లీషునను, స్పానిషు భాషలోను మూడు వరుసలు దానిపై వ్రాసియున్నవి. ఆ దస్తూరి నాదే. ఒక్క సంవత్సరములో మేమా కాగితమును మూడుమారులు మా అంగడి తలుపునకు అతికించితిమి. మొదటిమారు మా ధైర్యమే మాకు తోడు. రెండవమారు చట్టము తోడు. మూడవమారు పొరుగు అంగడివారు తోడు. మొదట అతికించిన దానిని మేమే భయపడి తీసివేసితిమి. ఆ సంగతి నేనింతవరకు ఎవరికిని విప్పి చెప్పలేదు. వ్యాపారము చేయువారికిని, చేయనివారికిని అందులో తెలిసికొనదగిన విషయమొకటి యున్నదని తోచి, నేడు మీకు విన్నవించుకొనుచున్నాను.

మాది తెనాలి ప్రాంతము. పెండ్లియైన పిదప నా భర్తతో అమెరికా వచ్చి, 2009వ సంవత్సరమున టెక్సాస్ రాష్ట్రములో, డాలస్ నగరమునకు పొరుగుననున్న ఇర్వింగ్ పట్టణమున ఒక చిన్న కిరాణా అంగడి పెట్టితిమి. ఆ చుట్టుప్రక్కల తెలుగువారు చాలమంది కలరు. సోనామసూరి బియ్యము, కందిపప్పు, గోంగూర, ములక్కాడలు మొదలైన వానికై మాయొద్దకు వచ్చుచుందురు. గల్లాపెట్టె యొద్ద ఇక్కడనే పుట్టి పెరిగిన ఒక తెలుగు పిల్ల, కళాశాలలో చదువుకొనుచు, సాయంకాలములు పనిచేయుచుండెను. బస్తాలు దింపుటకు మెక్సికో దేశస్థుడొకరు. వెనుక వంటగదిలో ఇడ్లీపిండి రుబ్బుటకును, పచ్చళ్ళు కలుపుటకును గుంటూరు జిల్లానుండి వచ్చి కుమారునియొద్ద నున్న ఒక పెద్దామె. ఆమెకు 66 ఏండ్లు. అందరము ఆమెను పిన్నిగారని పిలుచుచుంటిమి. ఇంటిలో ఊరక కూర్చుండజాలక పనికి వచ్చినది కాని, మా వంటగదికి ఆమెయే యజమానురాలు. మాకు అర్ధమైలు దూరమున మరియొక తెలుగువారి అంగడి కలదు. వారికిని మాకును పైకి మర్యాదయే, లోలోపల పోటీ.

2020 మార్చి నెలలో కరోనా ఈ దేశమున ప్రబలినపుడు డాలస్ కౌంటీవారు ప్రజలను ఇండ్లలోనే యుండుడని ఉత్తరువు చేసిరి. తిండిసరుకుల అంగళ్ళు మాత్రము తెరచియుండవచ్చుననిరి. ఆ దినములలో జనము బియ్యపు బస్తాలకై బారులు తీర్చి నిలుచుట చూచి, కరవుకాలమును గూర్చి మా నాయనమ్మ చెప్పిన కథలు జ్ఞప్తికి వచ్చెడివి. ఇతరులు ఇంట కూర్చుండి పనిచేసికొనగలిగిరి. మేము మాత్రము దినమునకు వందలమంది ముఖములకు ఎదురుగా నిలువవలసి వచ్చెను.

మాస్కు విషయమై మొదట అధికారులు సామాన్యజనులకు దానితో పనిలేదనియే చెప్పుచుండిరి. ఆసుపత్రులవారికే చాలినన్ని లేకుండుట అందుకొక కారణము. ఏప్రిల్ 3వ తేదీన సి.డి.సి. అను ఇచ్చటి రోగనివారణ సంస్థవారు తమ మాట మార్చుకొని, బయటికి వచ్చువారు గుడ్డ మాస్కు కట్టుకొనుట మంచిదనిరి. జూన్ 5వ తేదీన ప్రపంచ ఆరోగ్యసంస్థవారును సలహా మార్చిరి. ఈ మార్పు వలన కొందరికి నమ్మకము చెడినది. నిన్న వద్దన్నవారే నేడు కావలెననిన ఏది నిజమని వారు ప్రశ్నించిరి. ఆ ప్రశ్న అన్యాయమైనదని నేననజాలను. అయితే రోగమును గూర్చి తెలిసినకొలది మాట మార్చుకొనుట తప్పు కాదు. ఏ బాధయు లేక తిరుగుచున్నవానినుండియు ఈ వ్యాధి అంటుకొనునని అప్పటికి తెలియవచ్చినది. అదియే ముఖ్యమైన సంగతి.

ఆ ఏప్రిల్‌లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు మనిషికి 3 మాస్కులు పంచుటకు పూనుకొని, కుట్టుపనిని స్వయంసహాయక సంఘముల స్త్రీల కప్పగించిరి. మా చెల్లెలు అట్టి సంఘములో నుండెను. అది ఫోనులో కొలతలు చెప్పుచుండగా నేను నా పాత నేతచీర నొకదానిని కత్తిరించి, మడతలు పెట్టి, మా వారందరికి మాస్కులు కుట్టితిని. "అక్కా, మడతలు కిందివైపు తిరిగి ఉండాలి, లేకపోతే దుమ్ము పడుతుంది" అని అది చేసిన హెచ్చరిక నేటికిని జ్ఞాపకమున్నది. అత్తవారింట ఏ పనియు రానిదని పేరుపడిన చెల్లెలు నాకు గురువైనది!

మే నెల మొదటి తేదీనుండి టెక్సాస్‌లో అంగళ్ళు, హోటళ్ళు కొంతకొంత తెరచుట కారంభించిరి. ఏప్రిల్‌లో కొన్ని కౌంటీలవారు మాస్కు ధరింపవలెనని ఉత్తరువులు చేసిరి కాని, మాస్కు లేనివారికి జరిమానా వేయగూడదని రాష్ట్ర గవర్నరు ఏప్రిల్ 27వ తేదీన శాసించెను. అనగా మాస్కు ధరించుట మంచిమాట మాత్రమే, నియమము కాదు. ఆ రోజులలో సామానులకై నా భర్త కాస్ట్‌కో అను పెద్ద దుకాణమునకు పోయి, మే 4వ తేదీనుండి అచ్చట మాస్కు లేనివారిని లోపలికి రానిచ్చుటలేదని చెప్పెను. అంత పెద్దవారు పెట్టుకొనిన నియమమును మనమేల పెట్టుకొనరాదని నేను కాగితమును వ్రాసి తలుపునకు అతికించితిని. తలుపు ప్రక్క బల్లపై నేను కుట్టిన మాస్కులను కూడ ఉంచితిని. లేనివారు ఊరకనే తీసికొనవచ్చును.

మొదటి దినములలో చాలమంది మంచివారుగనే యుండిరి. కొందరు మాత్రము కాగితమును చదివి వెనుదిరిగి కారెక్కిరి. ఎక్కడికి పోయిరో నాకు తెలియును. అర్ధమైలు దూరములోని అంగడిలో ఏ కాగితమును లేదు. మూడు వారములు గడచునప్పటికి మా గల్లా ఇంచుమించు అయిదవ వంతు తగ్గినది. రాత్రి లెక్కలు వ్రాయుచు నా భర్త, "వచ్చేవాళ్ళను గుమ్మంలో ఆపి పంపించేది వ్యాపారం ఎట్లా అవుతుంది?" అనెను. నేను మాట్లాడలేదు. అద్దె తప్పదు, జీతములు తప్పవు, కూరలు నిలువ యుండవు. ఆయన అడిగినది న్యాయమైన ప్రశ్నయే.

ఒకనాడు మాకు మొదటినుండి పరిచయస్థులైన ఒక పెద్దమనుష్యులు మాస్కు లేక వచ్చిరి. పండుగలకు, పేరంటములకు వారింటికి మేము పోవుట కలదు. నేను నమస్కరించి మాస్కు చేతికీయబోగా, "అమ్మాయీ! పదేళ్ళపైబడి మీ దగ్గర సరుకు కొంటున్నాను. ఇవాళ నన్ను రోగిష్టివాడిలాగా చూస్తున్నావా?" అనిరి. వారి కంఠమున కోపముకంటె నొప్పి ఎక్కువగా నుండెను. ఆ నొప్పికి సమాధానము నాయొద్ద లేదు. "మీ మాస్కు మా కోసమండీ, మా మాస్కు మీ కోసం" అని ఏదో చెప్పబోతిని. వినకయే వెడలిపోయిరి.

మరి నాలుగు దినములకు నేను లేని వేళ వేరొకడు వచ్చి, గల్లాయొద్ద నున్న పిల్ల మాస్కు మాట యెత్తగనే, "నువ్వెవరివి నాకు చెప్పటానికి? ఇది మీ చట్టమా?" అని కేకలు వేసి, చేతనున్న బుట్టను బల్లపై విసరి పోయెనట. నేను వచ్చునప్పటికి ఆ పిల్ల వెనుక చల్లగది తలుపునకు ఆనుకొని ఏడ్చుచుండెను. పంతొమ్మిదేండ్ల పిల్ల! మా కాగితమునకు కాపలా కాయుట దాని పనియైనది. ఆ రాత్రి నా భర్తయు నేనును ఏమియు మాట్లాడుకొనలేదు. మరునాడుదయమున నేనే కాగితమును ఊడదీసితిని.

తీసితినని చెప్పుట తేలిక. తీయునప్పుడు నాకు కొంత సుఖముగనే యుండెనని చెప్పుట కష్టము. అయినను అది నిజము. పోయిన బేరములు కొన్ని తిరిగి వచ్చినవి. ఎవరును అరచుటలేదు. పిన్నిగారు మాత్రము తలుపువైపు చూచి, "కాగితం ఏమయిందమ్మడూ?" అని అడిగిరి. "ఊడిపోయింది పిన్నిగారూ" అంటిని. ఆమె మరల అడుగలేదు.

జూన్ రెండవ వారములో పిన్నిగారికి జ్వరము వచ్చెను. మూడవనాటికి ఆయాసము. ఆసుపత్రిలో పదునొకండు దినములుండిరి. కుమారుని సహితము లోపలికి పోనీయలేదు. ప్రతి సాయంకాలమును ఒక నర్సు ఫోనును ఆమె ముఖమునొద్ద పట్టుకొనగా మేము బయట కారులో కూర్చుండి మాటాడెడివారము. ఆ వ్యాధి మా అంగడిలోనే ఆమెకు అంటినదని నేను చెప్పజాలను. కుమారుని ఆఫీసునుండి వచ్చినదేమో, ఆమె మందులు తెచ్చుకొనిన చోట వచ్చినదేమో! మా యొద్ద రాలేదనియు నేను చెప్పజాలను. సోదరీమణులారా, తప్పు రుజువైన దానికంటె రుజువు కాని దానితో కాలము గడుపుట కష్టము.

ఆమె ఆసుపత్రిలో నుండగనే మా రాష్ట్రమున ఒక విశేషము జరిగెను. శాన్ ఆంటోనియో నగరమున్న బేహార్ కౌంటీకి అప్పుడు నెల్సన్ వుల్ఫ్ అనువారు కౌంటీ జడ్జి. ఈ రాష్ట్రమున కౌంటీ జడ్జి యనగా కౌంటీ పరిపాలనకు పెద్ద. గవర్నరు శాసనము మనుష్యులకు జరిమానా వేయరాదనినదే కాని, వ్యాపారసంస్థల మాట యెత్తలేదని ఆయన గమనించెను. కావున జూన్ 17వ తేదీన, తమ ఉద్యోగులును, కొనవచ్చువారును మాస్కు ధరించునట్లు వ్యాపారస్థులే నియమము పెట్టవలెననియు, పెట్టని వ్యాపారస్థులకు జరిమానా యనియు ఉత్తరువు చేసెను. అది తన శాసనమునకు విరుద్ధము కాదని గవర్నరు ఒప్పుకొనెను. కొలది దినములలోనే మా డాలస్ కౌంటీవారును అట్టి ఉత్తరువే చేసిరి. జూలై 2వ తేదీన గవర్నరే రాష్ట్రములోని చాల కౌంటీలకు మాస్కు నియమమును విధించెను.

ఉత్తరువు వచ్చిన నాడు కాగితమును సొరుగునుండి తీసి, అడుగున "కౌంటీవారి ఉత్తరువు ప్రకారము" అని ఒక్క వరుస చేర్చి తిరిగి అతికించితిని. జరిమానా భారము వ్యాపారస్థులపై వేసిన ఈ ఉత్తరువును మేము తిట్టుకొనవలెను కదా! నా భర్త కాగితము మూలలను వ్రేలితో ఒత్తుచు, "ఇప్పటికి బతికాం" అనెను. అర్ధమైలు దూరములోని అంగడిలోను ఆనాడే కాగితము పడినది. మాకు కోపపడి పోయిన పెద్దమనుష్యులు తెల్లని మాస్కు ధరించి వచ్చి, ఏమియు జరుగనట్లు చింతపండు అడిగిరి. నేనును ఏమియు జరుగనట్లు ఇచ్చితిని. చట్టము వారి గౌరవమును కూడ నిలిపినది. నేను చెప్పినందున ధరించినచో అది ఓటమి; అందరికిని చెప్పినందున ధరించినచో అది మర్యాద.

గల్లాయొద్దనున్న పిల్ల ఆ సాయంకాలము వచ్చీరాని తెలుగులో ఒక మాట చెప్పెను: "ఆంటీ, ఇప్పుడు నేను చెప్తే అది నా మాట కాదు కదా!" అంతకుముందు నాకు సరిగా తెలియనిది ఆ ఒక్క మాటతో తెలిసినది. అందరి మేలునకైన నియమమును ఒక్క అంగడి పెట్టుకొనినచో, దాని ఖర్చు ఆ అంగడికి, దాని తిట్లు గుమ్మమున నిలిచిన పిల్లకు. అదే నియమము ఊరంతటికిని ఉన్నచో ఖర్చును లేదు, తిట్లును పలుచనగును. మాస్కు ముఖ్యముగా ధరించినవాని ఊపిరినుండి ఎదుటివానిని కాపాడునది. ధరించినవానికి కలుగు రక్షణ అంతకు తక్కువ. నా మేలు నీ చేతిలోను, నీ మేలు నా చేతిలోను ఉన్నప్పుడు ఒక్కరి మంచితనముతో పని సాగదు.

ఇది మావంటి చిన్న అంగడివారి బాధ మాత్రమే కాదు. ఈ దేశమున పెద్ద వర్తకులు సామాన్యముగా ప్రభుత్వ నియమములనిన ముఖము చిట్లింతురు. ఆ 2020 వేసవిలో వారే నియమము కావలెనని అడిగిరి! వర్తక సంఘములలో పెద్దదియైన యు.ఎస్. చాంబర్ ఆఫ్ కామర్స్ వారు ఇతర సంఘములతో కలిసి, మాస్కుల విషయమై దేశమంతటికిని ఒక తీరైన నియమమేర్పడునట్లు చూడుడని జూలైలో అధ్యక్షునికిని, రాష్ట్ర గవర్నర్ల సంఘమునకును వ్రాసిరి. పెద్ద చిల్లర దుకాణముల సంఘమువారును గవర్నర్లకు అట్లే వ్రాసి, ఒక్కొక్క ఊర ఒక్కొక్క రీతిగా నుండుటచేత తమ ఉద్యోగులు దూషణలకును, దౌర్జన్యమునకును గురియగుచున్నారని మొరపెట్టుకొనిరి. అది ఊరక చెప్పిన మాట కాదు. మిషిగన్ రాష్ట్రములోని ఫ్లింట్ పట్టణమున, మే నెల మొదటి తేదీన, ఒక దుకాణపు కాపలాదారు మాస్కు లేనివారిని ఆపిన తగవులో తుపాకి గుండుకు బలియైపోయెను. గుమ్మమున నిలుచు పని ఎంత ప్రమాదమో ఆ ఒక్క వార్త చెప్పును.

దేశమున 5,000కు పైగా దుకాణములు గల వాల్‌మార్ట్ వారు జూలై 20వ తేదీనుండి తమ దుకాణములన్నిట మాస్కు ఉండవలెననిరి. అప్పటికే వారి దుకాణములలో నూటికి 65 వంతులు మాస్కు చట్టమున్న చోట్లనే యుండెను. మిగిలిన చోట్లకును ఒకే పద్ధతి చేసినచో ఉద్యోగులకును, కొనువారికిని తికమక యుండదని వారి తలంపు. క్రోగర్, టార్గెట్ మొదలైనవారు వెంటనే ఆ త్రోవ పట్టిరి. అయినను నియమము పెట్టిన పెద్ద దుకాణములలో కొన్ని, వినని వారిని బలవంతముగా ఆపవలదని తమ ఉద్యోగులకు చెప్పినవి. దీనిని కొందరు పిరికితన మనిరి. చల్లగది తలుపునకు ఆనుకొని ఏడ్చిన పిల్లను చూచిన నేను ఆ మాట అనజాలను. కాగితము దుకాణదారు పెట్టవచ్చును. దానికి బలము ప్రభుత్వమే ఈయవలెను.

వర్తకులు ధర్మబుద్ధితోనే ఇట్లడిగిరని నేను చెప్పుటలేదు. లెక్కయు వారిచేత అడిగించినది. గోల్డ్‌మన్ శాక్స్ అను ధనసంస్థలోని ఆర్థికవేత్తలు ఆ జూన్ నెలాఖరున, దేశవ్యాప్తమైన మాస్కు నియమము మరల అన్నియు మూసివేయవలసిన అవసరమును తప్పింపవచ్చుననియు, ఆ మూసివేత వలన జాతీయోత్పత్తిలో ఇంచుమించు నూటికి 5 వంతులు నష్టమగుననియు అంచనా వేసిరి. మన ఇండ్లలోని లెక్కయే ఇది. మూరెడు గుడ్డతో పోవుదానికి తలుపులే మూసికొనుట ఎవరికి ఇష్టము? లాభమును, ధర్మమును ఒక్కచోట కూడుట అరుదు. కూడినప్పుడు దానిని అనుమానించుటకంటె ఉపయోగించుకొనుట మేలు.

నియమము వలన ఫలముండెనా యని మీరడుగవచ్చును. కాన్సాస్ రాష్ట్రమున అదే జూలై 3వ తేదీనుండి గవర్నరు మాస్కు నియమము పెట్టి, వలదనుకొనిన కౌంటీలు తప్పుకొనవచ్చుననెను. ఉన్న 105 కౌంటీలలో 24 నియమమును పాటించినవి, 81 తప్పుకొనినవి. తరువాతి వారములలో నియమమున్న 24 కౌంటీలలో కొత్త కేసులు కొంత తగ్గుముఖము పట్టెననియు, తక్కినవానిలో పెరుగుచునే పోయెననియు సి.డి.సి. వారు నవంబరులో ప్రకటించిరి. నియమమున్న చోట జనము వేరు జాగ్రత్తలును పడియుండవచ్చును. మాస్కు ఒక్కటియే అంత చేసెననుట తగదు. గుడ్డ మాస్కుకంటె వైద్యుల మాస్కు మేలు. అంతకంటె ముఖమునకు బాగుగ బిగిసియుండు రకము మేలు. ఎంత మేలన్న విషయమై పండితులలో నేటికిని వాదములున్నవి. మాస్కు మంత్రము కాదు. వానలో గొడుగువంటిది, పాదములు తడియును, తల తడియదు.

కష్టములును లేకపోలేదు. వంటగది వేడిలో మాస్కుతో నిలుచుట ఎట్టిదో పొయ్యియొద్ద పనిచేయు స్త్రీలకు నేను చెప్పనక్కరలేదు. మాయొద్దకు వచ్చు ఒకామెకు చెవులు వినబడవు. పెదవుల కదలిక చూచి మాట గ్రహించును. మా ముఖములు మూయబడిన పిదప ఆమె రెండుమారులు వచ్చి, కావలసినది అడుగలేక పోయినదట. తెలిసిన వెంటనే గల్లాయొద్ద పలకయు, బలపమును ఉంచితిమి. ఊపిరి ఇబ్బంది గలవారికి సామానులు కారు యొద్దకే తెచ్చి యిచ్చితిమి. అందరికిని ఒకే నియమమనిన పిదప ఇమడలేనివారికి దారి చూపుట కూడ నియమములోని భాగమే. నా ముఖము నా ఇష్టమనువారి మాటను గూర్చియు నేను చాల ఆలోచించితిని. ఆ స్వేచ్ఛ నాకును ప్రియమే. కాని అంగడికి రాక తప్పనివారు, అంగడిలో నిలువక తప్పనివారు కలరు. పిన్నిగారి ఊపిరి కూడ ఆమె ఇష్టమే కదా!

ఆమె జూన్ నెలాఖరున ఇల్లు చేరిరి. ప్రాణము దక్కినది, బలము దక్కలేదు. నాలుగు మెట్లెక్కిన ఆయాసము. మరల మా వంటగదికి పనికి రాలేదు. ఆమె చేసిన ఉసిరికాయపచ్చడి రుచి మా చేతులకు నేటికిని పట్టుబడలేదు.

2021 మార్చి 2వ తేదీన గవర్నరు రాష్ట్రములోని మాస్కు నియమమును తీసివేయుచున్నట్లు ప్రకటించెను. మార్చి 10వ తేదీనుండి వ్యాపారస్థులు ఎవరి ఇష్టము వారిది. వర్తకులకు స్వేచ్ఛ ఇచ్చితిమని చెప్పిరి. నాకు మాత్రము మే నెలనాటి గుమ్మము, బల్లపై పడిన బుట్ట కన్నులయెదుట నిలిచెను. అప్పటికి టీకాలు అందరికి రాలేదు. టెక్సాస్‌లో పెద్దవారందరికిని టీకా వేసికొను అర్హత కలిగినది మార్చి 29వ తేదీననే. మా మెక్సికో ఆయనకును, గల్లాపిల్లకును ఇంకను కాలేదు.

ఈమారు కాగితమును ఒంటరిగా నిలుపుట కాని, ఊడదీయుట కాని చేయగూడదని నిశ్చయించుకొంటిని. మార్చి 9వ తేదీ సాయంకాలము నేను అర్ధమైలు నడచి పొరుగు అంగడికి పోయితిని. పన్నెండేండ్లలో నేను ఆ గడప త్రొక్కుట అదే మొదలు. ఆ యజమానురాలు నన్ను చూచి ఆశ్చర్యపడి, కుర్చీ వేసి కూర్చుండబెట్టిరి. "వదినగారూ, రేపటినుంచి మీరు కాగితం ఉంచితే మేమూ ఉంచుతాం. మీరు తీస్తే మేము నిలవలేం" అని ఉన్న మాట చెప్పితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "మేమూ ఇదే అనుకుంటున్నాం. మీరు తీసేస్తారేమోనని భయపడుతున్నాం" అనిరి. ఇద్దరమును నవ్వుకొంటిమి. పన్నెండేండ్లుగా ఒకరిని చూచి ఒకరము భయపడిన సంగతులెన్నియున్నవో యని ఆ నవ్వులోనే నాకు సిగ్గు కలిగెను. ఇద్దరము కలిసి మిఠాయి దుకాణమువారినిని, కూరగాయల అంగడి వారినిని అడుగగా వారును ఒప్పుకొనిరి. కాగితమునుండి "కౌంటీవారి ఉత్తరువు ప్రకారము" అను వరుసను కొట్టివేసి, "ఇక్కడి అంగళ్ళవారందరి కోరిక" అని వ్రాసితిని. ఒకరిద్దరు సణిగిరి. అరచినవారు లేరు. తిరుగుటకు వేరు గుమ్మము లేదు కదా!

మే నెల 13వ తేదీన, టీకాలు పూర్తియైనవారికి చాల చోట్ల మాస్కు అవసరములేదని సి.డి.సి. వారు చెప్పిరి. మా వారందరికిని రెండు మోతాదులును పూర్తియైన పిదప, నాలుగు అంగళ్ళవారమును మాటాడుకొని ఒకే నాడు కాగితములు తీసివేసితిమి. తలుపుపై జిగురు మరకలు మాత్రము చాలకాలము నిలిచెను.

ఆ తరువాత ఒకనాడు పిన్నిగారిని చూడబోయి, మొదటి కాగితము ఊడిపోలేదనియు, నేనే ఊడదీసితిననియు ఆమెతో చెప్పితిని. సంవత్సరముపాటు మోసిన మాట అది. ఆమె నా చేయి పట్టుకొని, "నాకప్పుడే తెలుసమ్మడూ. ఊడిపోయిన కాగితానికి జిగురు మరక అంత శుభ్రంగా ఉండదు" అనిరి. నేను తలయెత్తలేకపోతిని. కొంతసేపటికి ఆమెయే, "ఎక్కడ అంటుకుందో దేవుడికెరుక. దాన్ని పట్టుకుని కుమిలిపోకు. ఆ కాగితం మాత్రం పారేయకు. మళ్ళీ ఎప్పుడైనా కావలసి రావచ్చు" అనిరి.

అందుచేత దాచితిని. అట్టి కాలము మరల రాకూడదనియే నా ప్రార్థన. వచ్చినచో మాత్రము, సోదరీమణులారా, మీ వీధిలో ఒక చిన్న అంగడి తలుపుమీద ఇట్టి కాగితము కనబడినయెడల, వెనుదిరిగి ప్రక్క అంగడికి పోవకుడు. గల్లాయొద్ద నున్న పిల్ల అడుగకముందే మాస్కు ధరించి లోపలికి పొండు. మీరే అంగడివారైనయెడల, కాగితము వ్రాయుటకు ముందు పొరుగు అంగడివరకు నడచి పొండు. నేను ఆ అర్ధమైలు పది నెలలు ముందుగా నడచియుండవలసినది.